తన నేలలోకే చొరబాటు

లియోటా ఫిలడార్ గొంతు లేస్తే వీధి చివర కుక్కలు కూడా నోరు మూసుకుంటాయి. గయానా తీరంలో మా కేల్డన్ ఊరి వెనక, కాలువ దాటాక, ఆమెకు ఒక పొలం చెక్క ఉంది. బానిసత్వం పోయిన కొత్తలో ఆమె ముత్తవ్వ నలుగురితో కలిసి కొన్నది. లియోటా అందులో కర్రపెండలం పండించి, రొట్టెలు కాల్చి అమ్మి బతికేది.

పోయిన ఏడు కలపమిల్లు యజమాని హింక్‌సన్ ఆ చెక్క చుట్టూ ముళ్లకంచె వేయించాడు. లియోటా కంచె ఎత్తి దూరి, దుంపలు తవ్వుకొచ్చింది. మర్నాడే పోలీసులు వచ్చి కేసు రాశారు, పరాయి నేలలో అక్రమంగా చొరబడిందని.

"మా అమ్మ బొడ్డుతాడు పాతిన నేల నాకు పరాయిదట్రా!" అని వాళ్ల జీపు వెనకే రోడ్డు దాకా అరుస్తూ నడిచింది.

కేసు కాలువకు ఇవతల, మా ఊరి వైపు కోర్టుకు వెళ్లింది. నాలుగు వాయిదాలు. ఐదోసారికి మేజిస్ట్రేటు కాగితాలు తిరగేసి, "నేల కాలువ అవతల ఉంది. నేరం జరిగిన చోటి కోర్టే విచారించాలి. ఇది నా పరిధి కాదు" అన్నాడు.

"మొదటి వాయిదాకు ఆ కాలువ ఎక్కడికి పోయిందయ్యా?" అంది లియోటా. నోర్మూసుకోమన్నారు.

కేసు కాలువ అవతలి కోర్టుకు పోయింది. అక్కడి వరండాలో హింక్‌సన్ మెత్తగా దగ్గరికొచ్చాడు. "ఎందుకాంటీ ఈ తిప్పలు? తప్పొప్పుకో. చిన్న జరిమానాతో పోతుంది."

"ఒప్పుకుంటే నేల నీదని నేనే చెప్పినట్టు. అంత వెర్రిబాగుల దానిలా కనిపిస్తున్నానా?"

ఆ సాయంత్రం నా ఇంటికి వచ్చింది. నేను ముప్పై ఏళ్లు కోర్టు గుమాస్తాగా చేసి దిగినవాణ్ణి. మనకెందుకులే అని అన్నాళ్లూ ఊరుకున్నాను. ఇక ఉండబట్టలేక చెప్పాను. "నేల నాది అని చెప్పి, మీ ముత్తవ్వ కొన్నప్పటి కాగితం చూపించు. హక్కు మీద నిజమైన తగువుంటే మేజిస్ట్రేటు ఆ కేసు విచారించకూడదు. అది తేల్చాల్సింది పట్నంలో హైకోర్టు."

ఆమె నా వంక అసహ్యంగా చూసింది. "ముప్పై ఏళ్లు వాళ్లకు ముద్రలందించావు. ఈ ఒక్క ముక్క మొదటి వాయిదాకే చెప్తే నీ నాలుక అరిగిపోయేదా?"



మర్నాడు కోర్టులో కాగితం బల్ల మీద పెట్టి, "ఇది నా నేల. కాదంటే వాడి కాగితం తెమ్మనండి" అంది. హింక్‌సన్ ప్లీడరు నీళ్లు నమిలాడు. హక్కు తగువు తేల్చే అధికారం తనకు లేదని మేజిస్ట్రేటు కేసు కొట్టేశాడు.

తెల్లారి ఆమె కత్తితో కంచె తీగలు నరికింది. నేనూ వెళ్లాను. హింక్‌సన్ ఫోను చేస్తే సార్జెంటు వచ్చి, అతనితోనే, "మళ్లీ కేసు రాయను. నేల మీదే అయితే హైకోర్టుకు వెళ్లండి" అని వెళ్లిపోయాడు. కాగితం లేని హింక్‌సన్ ఇప్పటిదాకా వెళ్లలేదు.

లోపల పంటంతా నేలలోనే కుళ్లిపోయి కంపు కొడుతోంది. లియోటా ఒక దుంప పీకి నా కాళ్ల ముందు విసిరికొట్టింది.

"దీన్ని ఏ కోర్టు విచారిస్తుందో చెప్పవయ్యా గుమాస్తా!"

ఆమె చేతిలోంచి పార తీసుకుని తవ్వడం మొదలుపెట్టాను. ఆమె తిడుతూనే ఉంది.