వెనక్కి రాని కార్డులు

పోస్టాఫీసు జిగురు ఒకసారి వేలికంటిందంటే సబ్బుకు లొంగదు. మొన్న సోమవారం పొద్దున అంటిన జిగురు, మధ్యాహ్నం పప్పుకు పోపు పెట్టేటప్పుడు కూడా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగుతూనే ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తుమ్మబంక వాసన, తడి కాగితం వాసన, అందులో కొంచెం పులుపు. కౌంటరులో కూర్చున్న అమ్మాయి నా కవరు తిప్పి చూసి, "ఆంటీ, స్టాంపు ఊడిపోతున్నది. పాతదా ఏంది? అగో, ఆడ జిగురున్నది, మల్ల అంటియ్యుండ్రి" అంది. పాతదే. ఆరేళ్ల కిందట అంటించిన స్టాంపు. అంటించింది నేను కాదు, మా పక్కింటి రూతాంటీ. పోయిన వానాకాలంలో ఆమె కన్నుమూసింది. ఆ కవరు నా చేతికి ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు ఆమె సంగతి చెప్పాలి.

దబీర్‌పురాలో రైలు పట్టాలకు దగ్గరి గల్లీ మాది. మా ఇంటికీ ఆంటీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. నేను కొత్తకోడలిగా వచ్చేనాటికి ఆమె రైల్వే ఆసుపత్రిలో నర్సుగా రిటైరై రెండేళ్లయింది. భర్త పోయాడు, పిల్లలు లేరు, చెల్లెలి కూతురొకతె ఆదివారాలు వచ్చి చూసిపోయేది. గల్లీలో ఎవరికి జ్వరమొచ్చినా ముందు ఆ గడపే తొక్కేవాళ్లం. సూది వేసే ముందు "నొస్తది" అని మొహం మీదే చెప్పేది. చీమ కుట్టినట్టుంటుందని బుజ్జగించడం ఆమెకు చేతకాదు. పిల్లలు ఆమెను చూసి ఏడ్చేవాళ్లు గానీ, ఆమె మాటను మాత్రం నమ్మేవాళ్లు.

డిసెంబరు వచ్చిందంటే ఆంటీ ఇంట్లో బల్ల మీద భోజనం బందు. పళ్లెం ఒళ్లో పెట్టుకుని తినేది. బల్ల నిండా గ్రీటింగ్ కార్డులు, కవర్లు, స్టాంపులు, జిగురు సీసా, నీలం అట్ట నోటుబుక్కు. అందులో నలభై ఆరు అడ్రసులు. తనతో పనిచేసిన వాళ్లు, ఎప్పుడో తన చేతుల మీదుగా కాన్పైన తల్లులు, ఎక్కడెక్కడికో బదిలీ అయిపోయిన డాక్టర్లు. వాళ్లలో జవాబు రాసేవాళ్లు పదిమంది కూడా ఉండరు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"గిన్ని కార్డులెందుకు ఆంటీ? అందరికి ఫోన్లు కొట్టరాదు? ఒక్క పూటల అయిపోతది."

"ఫోన్ కొడితె వాళ్లు ఎత్తాలె. ఎత్తినంక నేను మంచిగున్న అని చెప్పాలె. మంచిగ లేనోళ్లు ఏం జెయ్యాలె? కార్డయితె తీస్కొని అల్మారీల వెట్టుకుంటరు. అది జవాబడగది."

నోటుబుక్కులో మొదటి పేరు స్టెల్లా సిస్టర్. ఆంటీ మీద పైవాళ్లకు లేనిపోనివి రాసి, ఆమెను మూడేళ్లు దూరం ఊరికి ట్రాన్స్‌ఫర్ చేయించిన మనిషి. "ఈమెక్కూడా రాస్తున్నవా!" అని నేను నోరెళ్లబెడితే, "ఆమెకే ముందు రాస్త. ఆఖరికుంచితె చెయ్యి నొస్తుందని సాకు దొరుకుతది" అంది కలం విదిలిస్తూ. నాకు నవ్వొచ్చింది. అప్పటికి నాకు ఇంకా ఎవరితోనూ మాటలు ఆగిపోలేదు కదా, అందుకే నవ్వొచ్చింది.

మా అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్లు, మా శాంతక్కకు పదహారు. బహదూర్‌పురాలో మా బాపుకు ఎనిమిది బర్రెలుండేవి. అక్క బడి మానేసి, పొద్దున్నే పాలు పిండి, ఇళ్లిళ్లకూ పోసొచ్చి, నాకు జడలేసి బడికి పంపేది. చేతులకు పేడ వాసన ఉంటుందని నిమ్మచెక్క రుద్దుకుని మరీ నా తల ముట్టుకునేది. తరువాత గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో కొట్టున్న బావను చేసుకుంది. బర్రెల నుంచి బంతిపూలకు మారింది గానీ, నా మీద పెత్తనం మాత్రం అంగుళం తగ్గలేదు. నా కొడుకు పుట్టెంట్రుకల రోజున, ఇంటి నిండా అత్తగారి చుట్టాలుండగా, గంపెడు మల్లెపూలతో దిగింది. దిగీ దిగగానే పిల్లాణ్ని నా చేతుల్లోంచి తీసుకుని, "గిట్ల పండవెట్టి పాలు తాపుతరా? నీకు అన్నం మింగుడు నేనే నేర్పితి, గిప్పుడు పిల్లగాన్ని సాకుడు గూడ నేర్పాల్నా?" అంది. మా ఆడబిడ్డ కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండిపోయింది.

"నువ్వేమన్న నన్ను కన్నవా? అమ్మ పోయిందే సందని నా మీద పెత్తనం జేసుడే నీ పనాయె!"

అన్నాను. పదిమందిలో అన్నాను. నోరా, వీపుకు తేకే అంటారు పెద్దలు. నా నోరు ఆ రోజు వీపుకు కాదు, ఏకంగా పుట్టింటికే తెచ్చింది. అక్క ఏడవలేదు, తిట్టలేదు. పిల్లాణ్ని మా అత్త ఒళ్లో పెట్టి, పూలగంప అక్కడే వదిలేసి, మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయింది. ఫోను చేస్తే కట్ చేసింది. మా ఆయన వెళ్లి బతిమాలితే, "ఆమెకు తల్లి లేదు, అక్క గూడ లేదనుకొమ్మను" అని పంపించేసింది. చివరికి నేనే మార్కెట్‌కు పోయాను. నన్ను చూసి కొట్టు వదిలేసి వెనక గోదాములోకి పోయింది. రెండు గంటలు నిలబడ్డాను, బయటికి రాలేదు. అమ్మను పోగొట్టుకున్న బాధ నాకు గుర్తులేదు గానీ, ఆ రోజు ఆటోలో తిరిగొస్తుంటే ఇదేనేమో అనిపించింది.

ఆ డిసెంబరులో నేను అక్కకు నాలుగు పేజీల ఉత్తరం రాసి, పంపే ముందు ఆంటీకి చూపించాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివింది.

"ఇది ఉత్తరం గాదు బిడ్డా, కోర్టు కాయిదం. నువ్వట్లంటివి కాబట్టి నేనిట్లంటి, గిదే ఉన్నది నాలుగు పేజీలు. తప్పు నాది అని ఒక్క తాన గూడ లేదు."

"తప్పు నా ఒక్కదానిదేనా ఆంటీ?"

"గట్లనిపిస్తే రాయకు. అబద్ధం రాస్తె ఆమెకు తెలుస్తది." బల్ల మీంచి ఒక కార్డు తీసి నా ముందుకు తోసింది. "కొత్త సంవత్సరం అందరికొస్తది. పేరొక్కటే రాయి."

"ఉత్త పేరు రాస్తె ఏమర్థమైతది?"

"బతికున్నవని, ఆమె యాదికున్నదని. ఇంకేం గావాలె?"

కవరు వెనక మా అడ్రసు రాయించింది. "వద్దనుకుంటె పోస్టుమాన్‌కు వాపసిస్తది, నీకు తిరిగొస్తది. తిరిగి రాలేదంటె తీసుకున్నట్టే" అంది. అప్పటినుంచి జనవరి నాకు పరీక్ష ఫలితాల నెల అయిపోయింది. గల్లీ మలుపులో పోస్టుమాన్ బండి చప్పుడైతే చాలు, చేతిలో పని చేతిలోనే ఆగిపోయేది. అతను మా గడప దాటి ముందుకు పోయాక ఊపిరి పీల్చుకునేదాన్ని. నెలాఖరుకు గోడ మీంచి ఆంటీని కేకేసి, "రాలే ఆంటీ!" అంటే, "రాలేగా? ఇగ ఫికర్ జెయ్యకు" అనేది. కార్డు రాలేదని సంబరపడే ఇల్లు మా గల్లీలో మాదొక్కటే. అలా ఆరేళ్లు ఆరు కార్డులు పంపాను. ఒక్కటీ వెనక్కి రాలేదు. ఒక్కదానికీ జవాబూ రాలేదు.

ఏడో ఏడు నాకు తిక్క రేగింది. దానికి తోడు కార్డులే దొరకడం లేదు. ఛత్తాబజార్‌లో అడిగితే కొట్టాయన నా వంక జాలిగా చూసి, "కార్డాఁ అబ్ కౌన్ భేజ్‌రయ్ ఆపా?" అని, ఇప్పుడు కార్డులెవరు పంపుతున్నారక్కా అన్నట్టు, పెళ్లికార్డుల పుస్తకం నా ముందు పెట్టాడు. ఎండలో కాళ్లీడ్చుకుంటూ వచ్చి ఆంటీ ముందు కూలబడ్డాను.

"ఇగ పంప ఆంటీ. ఆరేండ్లు గోడకు చెప్పుకున్నట్టే ఉన్నది. ఆమెకు లేని ప్రేమ నాకేంది?"

"అలిగినవా?"

"మస్తు అలిగిన. నీ దగ్గరున్న కార్డులు గూడ నాకియ్యకు."

బతిమాలుతుందనుకున్నాను. లేదు. "నీ ఇష్టం. నీ పేరు నువ్వే రాయాలె, ఇంకొగలు రాస్తె అయ్యేది గాదు" అని తన కార్డుల్లో తాను పడిపోయింది. నేను నిజంగానే పంపలేదు. పంపలేదన్న బాధను కూడా కోపం కింద దాచేసుకున్నాను.

జనవరి రెండో వారంలో ఒక పొద్దున దోసెల పిండి కలుపుతున్నాను. తలుపు దబదబ బాదారు. తీస్తే శాంతక్క. చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా తడి, జుట్టులో బంతి రెక్కలు, కాళ్లకు రెండు రకాల చెప్పులు. నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"బతికే ఉన్నవా?"

నేను పిండి చెయ్యి విదిలించుకునేలోపే ఆమే అందుకుంది. "ఒకటో తారీకు రాలే. పోస్టు లేటనుకున్న. ఐదు పాయె, ఎనిమిది పాయె. పోస్టుమాన్‌ను రోజు అడుగుతున్న, ఆయన గూడ నవ్వవట్టె. ఏం రోగమొచ్చిందో, ఏమైపాయెనో! నాకు చెప్పేటోళ్లెవరున్నరు?"

"ఫోన్ జేస్తె అయిపోవు గదక్కా?"

"ఫోన్ జేసి ఏమడగాలె? సచ్చిపోయినవా అని అడగాల్నా?" అంటూ నా వీపు మీద ఒక్కటి చరిచింది. ఏడేళ్ల కిందట నా నోరు తెచ్చిన దెబ్బ ఇన్నాళ్లకు వీపుకు చేరింది. అబ్బా, ఎంత హాయిగా ఉందో ఆ దెబ్బ! పిండి చేతులతోనే ఆమెను పట్టుకుని ఏడ్చాను. నాలుగు పేజీల్లో ఎక్కడా పట్టని మాట అప్పుడు దానంతటదే వచ్చింది. "తప్పు నాదే అక్కా" అన్నాను. "ఎవలన్నరు గాదని?" అని ముక్కు చీదుకుని లోపలికొచ్చింది. మంచినీళ్లు ముట్టకుండా పోయిన మనిషి రెండు గ్లాసులు గటగటా తాగి, పెనం వైపు చూసి, "గింత పలచగనా పిండి?" అంది. ఈసారి నాకు కోపం రాలేదు.

ఆమెను ఆటో ఎక్కించి, ఉరుకుతూ ఆంటీ దగ్గరికి పోయాను. సంగతంతా చెప్పి, "చూసినవా ఆంటీ, పంపు పంపు అంటివి. పంపకపోతెనే పనైంది!" అని ఎగతాళి చేశాను.

"ఔ పిల్లా. రోజు కూసే కోడి ఒక్కనాడు కూయకపోతె వాడంత అడుగుతది. ఎన్నడు కూయని కోడినెవలడుగుతరు?" అంది. అంటూనే బల్ల మీదున్న కవరొకదాన్ని నోటుబుక్కు కిందికి తోసేసింది. నేను నా సంబరంలో ఉండి పట్టించుకోలేదు.

పోయిన వానాకాలంలో ఆంటీ సమాధి పని అయ్యాక, ఆమె చెల్లెలి కూతురు ఒక రేకుడబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. "పెద్దమ్మ మీకియ్యమన్నది" అంది. అందులో నీలం నోటుబుక్కు, మిగిలిన కార్డులు, వాటి అడుగున స్టాంపు అంటించిన కవరు ఒకటి. మీద ఆంటీ గుండ్రటి చేతిరాతలో మా అక్క అడ్రసు. వెనక నా అడ్రసు. కవరు మూయలేదు. లోపల కార్డు మీద కొత్త సంవత్సర శుభాకాంక్షలు అని అచ్చు, దాని కింద పేరు రాయాల్సిన చోట ఏమీ లేదు. నేను అలిగిన ఏడాది ఆమె నా కోసం ఇదంతా సిద్ధం చేసి, నా పేరు దగ్గరికొచ్చేసరికి ఆగిపోయిందన్నమాట. సూది నొస్తుందని పిల్లలకే దాచనామె, నా సంతకం దొంగగా పెట్టగలదా? పెట్టి ఉంటే అక్కకు కార్డు అందేది, ఆమె ఉరికి మా ఇంటికి వచ్చేది కాదు. ఇదంతా ఆలోచించే ఆగిందో, మనసొప్పక ఆగిందో నాకు తెలియదు. అడగడానికి మనిషి లేదు.

మొన్న ఆ కార్డు తీస్తుంటే తొమ్మిదో తరగతి చదివే నా కొడుకు చూశాడు. "అమ్మా, పెద్దమ్మతోని పొద్దున్నే మాట్లాడినవ్ గదా. ఒక మెసేజ్ వెట్టు, అయిపోతది" అన్నాడు. వాడన్నదీ నిజమే. ఫోను ఎత్తే వాళ్లకు మెసేజ్ చాలు. కానీ మెసేజ్ చూశారో లేదో నీలం గీతలు చెప్పేస్తాయి. చూసి కూడా జవాబియ్యలేదని మళ్లీ అదొక లొల్లి. అక్క నా మొదటి కార్డును చూసి నెల రోజులు తిట్టుకుందో, పిండి డబ్బా వెనక దాచిందో నాకు తెలియలేదు. తెలియకపోబట్టే రెండోది పంపగలిగాను. ఫోను ఎత్తని వాళ్ల కోసం ఈ లోకంలో ఇంకా ఒక ఎర్రడబ్బా ఉండాలని నాకనిపిస్తుంది. ఖాళీగా ఉన్న ఆ చోట నా పేరు రాసి, స్టాంపు మళ్లీ అంటించి, డబ్బాలో వేసి వచ్చాను.

ఇవాళ పొద్దున అక్క ఫోను. "ఏమే, పొద్దుమాపు మాట్లాడుతనే ఉంటిమి, మల్ల గీ కార్డేంది? కవరు మీద రాత గూడ నీది గాదు."

"రూతాంటీది అక్కా. పేరొక్కటే నాది."

అటు మార్కెట్ గోలలో ఎవరికో బంతిపూలు తూచి ఇచ్చింది. తరువాత, "వచ్చే ఏడు గూడ పంపు. రాకపోతె మల్ల నేనే ఉరికి రావాలె" అని పెట్టేసింది.

ఆ మాటతో నాకు నీలం నోటుబుక్కు గుర్తొచ్చింది. ఈ జనవరిలో నలభై ఆరు ఇళ్లలో కార్డు రాదు. ఎవరెవరు పోస్టుమాన్‌ను అడుగుతారో, ఎవరు రెండు రకాల చెప్పులేసుకుని బయల్దేరతారో. వాళ్లొచ్చి తట్టేది తాళం వేసిన తలుపు. వెంటనే రేకుడబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించాను. డబ్బాలో కార్డులు సరిపోవు, ఛత్తాబజార్ మళ్లీ తిరగాలి. ఆంటీ వానాకాలంలో వెళ్లిపోయిందని ఒక్క ముక్క, కింద 'పక్కింటి సుగుణ' అని నా పేరు. నా కొడుకు అన్నం పళ్లెం ఒళ్లో పెట్టుకుని గొణుగుతున్నాడు. నోటుబుక్కు తెరిచి మొదటి పేజీలోనే మొదలుపెట్టాను, స్టెల్లా సిస్టర్‌తో. ఆఖరికుంచితే చెయ్యి నొస్తుందని సాకు దొరుకుతుంది.