చెరువుగట్టు మీద బ్లాస్టింగ్

మణుగూరు బొగ్గు గనిలో ముప్పై ఏళ్లు పనిచేసి నిరుడు రిటైరయ్యాను. ఇంట్లో తోచక గొణుగుతుంటే, ఈ వేసవిలో మా ఆవిడ సరోజ నన్ను కాలనీవాళ్లతో పాటు అడవిలోని చెరువుకు పక్షులు చూడ్డానికి లాక్కెళ్లింది.

గట్టు మీద పదిమందిమి ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. గైడుగా వచ్చిన అమ్మాయి "సప్పుడు చేయకుండ్రి" అని అప్పటికే నాలుగుసార్లు చెప్పింది. అంతలో వెనక నుంచి సన్నగా విజిల్!

గనిలో బొగ్గు పేల్చే ముందు విజిల్ ఊదుతారు. అది చెవిన పడ్డాక ఆలోచించేదేమీ ఉండదు. "బ్లాస్టింగ్! పండుకోండి!" అని అరిచి, సరోజను లాగి, ఆమె తలకు నా చెయ్యి అడ్డం పెట్టి బురదలో బోర్లా పడ్డాను. కాలనీవాళ్లూ గనివాళ్లే కదా, టపటపా అందరూ పడ్డారు. చెరువులో పక్షులన్నీ ఎగిరిపోయాయి.

నిలబడి ఉన్నది గైడ్ ఒక్కతే. "సార్, అది ఈలేసే బాతు!" అంది నవ్వాపుకోలేక.

సిగ్గుతో లేవబోతే "లేవకుండ్రి, గట్లనే ఉండుండ్రి" అంటూ తనూ మా పక్కన పడుకుంది. కాసేపటికి బాతుల గుంపు ఈలలు వేసుకుంటూ తిరిగొచ్చి, మాకు పది అడుగుల దూరంలో దిగింది.

"ఇంత దగ్గర నేను గూడ ఎప్పుడు సూడలే" అంది గైడ్ గుసగుసగా.

విజిల్ విన్నాక చెవులు మూసుకోకుండా ఉండటం నాకదే మొదటిసారి. ఎంత తీయగా ఉందో!

ఇప్పుడు కుక్కర్ కూతేసినప్పుడల్లా సరోజ వంటింట్లోంచి కేకేస్తుంది: "పండుకోవయ్యా, బ్లాస్టింగ్!"