ఆదివారం వంతు

మా సండే స్కూలు మాస్టారు ప్రభువునందు నిద్రించారని సంఘం వాట్సాప్ గ్రూపులో చూశాను. అప్పుడు బోదె గట్టు మీద ఉన్నాను. ఫోను జేబులో పెట్టుకుని కాసేపు నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాను.

ఆ పంట బోదె కాలవలోంచి చీలి, ముందు నా చేను తడిపి, చివరికి మాస్టారి ఎకరన్నరకు చేరుతుంది. నాది మొదలు, ఆయనది శివారు. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్ళు చాలవు కాబట్టి వంతులు వేసుకుంటాం. ఆదివారం పొద్దున్న ఆయన వంతు.

వంతు నాడు రైతు గట్టు వదలడు. వదిలితే పైవాడు నీళ్ళు తిప్పుకుంటాడు. మాస్టారు మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని, పంచెకు బురదతోనే గుడికి వచ్చి పిల్లలకు పాఠం చెప్పేవారు.

"కాపలా లేకుండా నీళ్ళొస్తాయేంటండీ?" అని ఎగతాళి చేసేవాళ్ళం.

"కాపలా పెడితే నీళ్ళొస్తాయి గానండి, న్యాయం రాదు కదా" అని నవ్వేవారు.

బోర్డు మీద బోదె బొమ్మ గీసేవారు. న్యాయం నీళ్ళలా పారాలని ప్రవక్త అన్నాడని చెప్పి, "పారుతోందో లేదో ఎక్కడికెళ్ళి చూడాల్రా? మొదట్లోనా, శివారులోనా?" అని అడిగేవారు. "శివారులో!" అని పిల్లలు అరిచేవారు. "నీతంటే మంచి పేరు కాదర్రా. నీకూ నీ పక్కోడికీ మధ్య వంకర లేకపోవడం" అనేవారు. ఇవన్నీ సంఘ పెద్దల బల్ల మీద కూర్చుని నేనూ విన్నాను.

నాలుగేళ్ళ కిందటి దాళ్వాలో నీళ్ళు మరీ తగ్గాయి. మూడు ఆదివారాలు, గుడికి బయల్దేరే ముందు, బోదెలో గడ్డి కుక్కి, బురద మెత్తి, నీళ్ళు నా చేలోకి తిప్పుకున్నాను. చేతులు కడుక్కుని వెళ్ళి వాక్యం చదివాను. ఆయన చేను పొట్ట మీద, కంకి బయటికి రాకముందే, ఎండిపోయింది. కోతలయ్యాక నేను సంఘంలో లేచి, దేవుడు నా పంట కాపాడాడని సాక్ష్యం కూడా చెప్పాను.

ఆ సాయంత్రం మాస్టారు మా ఇంటికొచ్చారు. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగారు.

"ఆ గడ్డి మీదేనండి. నేను చూశాను. ముందు మీతోనే అనాలని ఎవరితోనూ అనలేదు."

"వంతు మీరే వదిలేసుకున్నారు కదండీ" అన్నాను.

"వదిలెయ్యలేదండి. పిల్లల దగ్గరికెళ్ళాను."

నష్టం ఇమ్మనలేదు. "ఒక్క ఆదివారం నా వంతులో మా చేలో నిలబడండి, చాలు" అని లేచారు.

గడ్డి పెట్టడం మానేశాను గానీ, వెళ్ళి నిలబడలేదు. ఆయన ప్రతివారం "వందనాలండి" అని చెయ్యి కలిపేవారు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

సమాధి దగ్గర వాళ్ళావిడ, "మీరు పెద్దవారు, రెండు మాటలు చెప్పండి" అన్నారు. మైకు పట్టుకుని "ఆయన నీతిమంతుడు" అన్నాను. అంతటితో మైకు తిరిగిచ్చేశాను. జనం దుఃఖమనుకున్నారు. ఎవరో వీపు నిమిరారు.

అక్కడ మింగిన మాట ఈ సంఘ పత్రికలో రాస్తున్నాను. ఆయన చేను ఎండబెట్టింది నేనే. ముందు చెప్పాల్సింది ఆవిడకే కాబట్టి, ఇంతవరకు రాసిన కాగితం తీసుకెళ్ళి చదివి వినిపించాను. ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ విన్నారు.

"నీళ్ళు ఆపిందెవరండీ అని అప్పుడాయన్ని అడిగాను. ఆ చెప్పేదేదో వాళ్ళే వచ్చి చెబుతార్లే అన్నారండి" అన్నారు. చేట కింద పెట్టి, "ఆదివారం వంతు ఇంకా మాదేనండి" అన్నారు.

మొన్న ఆదివారం నా చేలోకి నీళ్ళు మళ్ళే మడవ కట్టేసి శివారుకు నడిచాను. ఆయన చేలో వేలు పట్టేంత బీటలున్నాయి. గంటపైన నిలబడ్డాను. బోదె అడుగున నీళ్ళ మొన ఎండుటాకులు తోసుకుంటూ, ఆగుతూ, మెల్లగా వస్తోంది. అవతల గుడి గంట కొట్టారు. ఈ గంటకే మాస్టారు గట్టు దిగి పిల్లల దగ్గరికెళ్ళేవారు. నీళ్ళు ఇంకా ఇరవై అడుగుల దూరంలోనే ఉన్నాయి.