మా ఓనరవ్వ బీర తీగ

మా ఓనరవ్వ పోయింది. నేను ఆళ్లగడ్డలో మా అమ్మ దగ్గర ఉండగా పొద్దున్నే ఆమె కొడుకు ఫోన్ చేశాడు. "అమ్మ నిద్రలోనే పోయిందమ్మా. నీకు చెప్పకుంటే ఊరుకోదనిపించింది" అన్నాడు. విన్నప్పుడు బాగా ఏడ్చాను. కానీ బస్సు శిరివెళ్ల దాటేసరికి అవ్వ మాటలు ఒక్కొక్కటీ గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటున్నాను. పక్క సీటామె నాకేమైందోనని కొంచెం ఎడంగా జరిగి కూర్చుంది.

నంద్యాలలో మేము చాలా ఏళ్లు అద్దెకున్న ఇల్లు ఆమెది. ముందు వాటా వాళ్లది, వెనక వాటా మాది, మిద్దె మాత్రం పూర్తిగా అవ్వది. వాళ్లకు కిరాణా అంగడి ఉండేది. ఖాళీ అయిన ప్రతి నూనె డబ్బా మిద్దెక్కి కుండీ అయిపోయేది. గడివేముల నుంచి బియ్యం వేసుకొచ్చే బండివాడు రెండు బస్తాల రేగడి మట్టి కూడా తేకపోతే అవ్వ అతనికి మజ్జిగ ఇచ్చేది కాదు. మొదట్లో నేను ఓనరమ్మా అని పిలిచేదాన్ని. నా పిల్లలు అవ్వా అనడం మొదలుపెట్టాక నాకూ ఓనరవ్వ అయింది.

మాఘం వెళ్లాక మా ఊరి ఆకాశాన్ని నమ్మడానికి లేదు. పొద్దున మాడు పగిలే ఎండ, మధ్యాహ్నానికి మబ్బు, సాయంత్రం దుమ్ముగాలి, ఒక్కోసారి వడగళ్లు. అన్నేళ్లు తోట పెంచిన మనిషి కదా, వాన సంగతి అవ్వకు తెలిసి ఉంటుందని మీరు అనుకోవచ్చు. ఏమీ తెలియదు. ఆమె చెప్పిన జోస్యం ఒక్కటీ నిజమైన గుర్తు నాకు లేదు. "ఈ పొద్దు వాన రాదు, నేను చెప్తాండా గదా" అని ఆమె వడియాలు పెట్టిందంటే నేను దండెం మీది బట్టలన్నీ గబగబా తీసేసేదాన్ని.

ఆ సంగతి ఆమెకూ తెలుసు. అందుకే ఏ విత్తనమైనా ఒకేసారి వేసేది కాదు. కొన్ని రోజులు ఆగి, మళ్లీ కొన్ని రోజులు ఆగి, మూడు విడతలుగా వేసేది. "ఎండకొక పిడికెడు, వానకొక పిడికెడు, మనకొక పిడికెడు" అనేది. టమాటా నారుకు ఎండ తగలకుండా తన పాత చీరలు కట్టేది. గాలి వస్తే ఆ చీరలు మా వీధంతా తిరిగొచ్చేవి. ఒకరోజు ఆటో అతను గుమ్మం ముందు ఆపి, "అవ్వా, నీ చీర నా ఆటో ఎక్కింది. యాడికి పోవాలన్నా చెప్పడం లేదు" అన్నాడు. అవ్వ పడీపడీ నవ్వి, చీరతో పాటు అతన్ని కూడా లోపలికి పిలిచి టీ ఇచ్చింది.

ఆ తోటలో అన్నిటికంటే ఆమెకు ప్రాణం బీర. పొట్టి కాయ, లేత పచ్చ, పాలు పోసి వండితే కొంచెం తియ్యగా ఉంటుంది. పెళ్లయి వచ్చేటప్పుడు వాళ్లమ్మ ఒడిబియ్యంతో పాటు ఆ విత్తనాలు ఒళ్లో పోసిందట. వాళ్లమ్మ ఫోటో కూడా లేదు, ఆమె చేతిదంటూ మిగిలింది ఆ బీర ఒక్కటే. ఏటా విత్తనాలను పచ్చి పేడలో అద్ది, పిడక చేసి, మిద్దె మీది గోడకు కొట్టేది. పురుగు పట్టదు, చెమ్మ తగలదు. వేసే రోజున పిడక విరిచి తీసుకోవడమే.

ఒక ఏడు రథసప్తమి నాడు సూర్యుడికి పాలు పొంగించడానికి పిడకలు తక్కువ పడ్డాయి. అవ్వ తనే మిద్దెక్కి, గోడ మీదున్నవి పెళ్లగించి తెచ్చి పొయ్యిలో పెట్టింది. పాలు బ్రహ్మాండంగా పొంగాయి. చిక్కుడాకుల్లో పరమాన్నం మాకూ వచ్చింది. మధ్యాహ్నం మిద్దె మీద నుంచి కేక వినబడితే పరిగెత్తాను. అవ్వ ఖాళీ గోడ ముందు చతికిలబడి ఉంది.

"కాల్చేస్తి గదమ్మే! మా యమ్మ ఇత్తనం నా చేత్తో నేనే కాల్చేస్తి!"

ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. మర్నాటి నుంచి, అంతకుముందు తను విత్తనాలు పంచిన వాళ్లందరి ఇళ్లకూ తిరిగింది. అందరూ పండించారు, అందరూ వండుకున్నారు, ఎవ్వరూ దాచలేదు. "తిన్న్యారంటమ్మే, ఒక్క కాయ గూడా మిగల్చకుండా తిన్న్యారంట" అంటూ వచ్చి నా గడప మీద కూలబడింది.

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. అంతకుముందు ఎండాకాలం ఆళ్లగడ్డకు నేను ఆ విత్తనాలే తీసుకెళ్లాను. ఫోన్ చేస్తే అమ్మ, "యాడుందే తీగ? ఎప్పుడో పీకేసినా" అంది. అంతలోనే గుర్తొచ్చి, "ఉండు, ఒళ్లు రుద్దుకునే పీచుకని ఒక ముదురు కాయ ఎండబెట్టినా. స్నానాలగదిలో మేకుకు వేలాడ్తాంది, ఇంగా ఒలవలేదు" అంది. ఫోన్ దగ్గర పెట్టి ఊపమన్నాను. గలగలమంది.

ఆళ్లగడ్డ బస్సెక్కి పోయి, ఆ సాయంత్రమే ఆ ఎండుకాయ తెచ్చి అవ్వ చేతిలో పెట్టాను. చెవి దగ్గర ఊపుకుని, "మా యమ్మ మాట్లాడ్తాంది" అంది. అన్నీ ఒకేసారి వేసేద్దాం అవ్వా, ఉన్నవే కొన్ని అని బతిమాలాను. వినలేదు. అలవాటు ప్రకారం మూడు భాగాలు చేసింది. మొదటి విడత మొలకలు ఎండకు మాడిపోయాయి. రెండో విడత తీగ అల్లుకుంటుండగా ఉగాది ముందు వడగళ్లు పడి నుజ్జయింది. మూడో విడత గింజలు పాదులో పెడుతుంటే నేనూ పక్కన కూర్చుని మట్టి కప్పాను. అవి రంజాన్ రోజులు, నేను ఉపవాసంలో ఉన్నాను. "నీరసంగుంటావ్, ఆ నీడన కూచోమ్మే, మీ దేవునికి కూడా చెప్పు దీని సంగతి" అంది.

ఒక్కటే మొలిచింది. ఆ ఒక్కదానికి అవ్వ తన మంచి చీర కూడా నీడగా కట్టింది. తొలకరికి కాయలు దిగాయి. ఆ ఏడు మా ఎవ్వరికీ బీరకాయ కూర లేదు, అన్నీ విత్తనానికే. మరుసటి ఏడు వీధిలో ఇంటింటికీ గింజలు పంచింది. ఈసారి ఒక షరతు పెట్టింది. "బాగా తినండి. తీగకు ఒక్క కాయ మాత్రం నాకిడ్సండి. ముదిరి ఎండేదాకా ఎవురూ ముట్టాకండి." ఆమె మీద ఉన్న ప్రేమకో, ఆమె నోటికి జడిసో, అందరూ ఒప్పుకున్నారు. నా జీవితంలో నేను చూసిన మంచి పనుల్లో ఆ పంపకం ఒకటి.

ఆమెను సాగనంపాక ఇల్లు సద్దుమణిగింది. పొద్దుటి నుంచీ కుండీలకు ఎవరూ నీళ్లు పోసి ఉండరని మిద్దెక్కాను. పడమట మబ్బు పట్టి ఉంది, వాన వస్తుందో రాదో తెలియదు. బీరపూలు విచ్చుకునేది సాయంత్రమే. మా మిద్దె మీద, పక్క మిద్దె మీద, ఆ పక్క గోడల మీద పసుపుపచ్చగా ఒక్కొక్కటే విచ్చుకుంటున్నాయి.

పక్క మిద్దె మీద ఆ ఇంటి కొత్త కోడలు కూరకు కాయలు కోస్తోంది. పిట్టగోడకు ఆనుకుని వేలాడుతున్న పెద్ద కాయ మీద చెయ్యి వేసింది. మెట్ల మీద నుంచే అత్తగారు అరిచింది.

"మే, అది కోయాకు! అది అవ్వది."

"అవ్వ పోయింది గదత్తా?"

"పోతే ఏందీ? అవ్వది అవ్వదే."

ఆ పిల్ల చెయ్యి తీసేసింది. కాయ కాసేపు అటూ ఇటూ ఊగి, ఆగింది.