మెతుకులతో అంటించిన కాగితం

మా అమ్మాయి పెద్దమనిషి అయిన సంగతి నేను ఏడు నెలలు దాచాను. నాకు సంతకం పెట్టడం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే రాస్తున్నది ఆ పిల్లే.

అప్పుడు అది ఎనిమిదో తరగతి. మిరప కోతల నుంచి ఇంటికొచ్చి చూస్తే బాత్రూంలో తలుపేసుకుని ఏడుస్తోంది. అలాంటప్పుడు తల్లి చేయాల్సినవి ఉంటాయి. మేనత్తకు కబురు పెట్టాలి, తాటాకు చాప మీద కూర్చోబెట్టాలి, నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి తినిపించాలి. నేను చిమ్మిలి ఒక్కటే చేశాను. పక్కింట్లో టీవీ మోత గట్టిగా ఉన్న మధ్యాహ్నం చూసుకుని, రోలు కింద గోనెపట్టా వేసి దంచాను. అయినా పక్కింటి పిన్ని గోడ మీదుగా తొంగి చూసింది.

"ఏందే, నువ్వుల వాసనొస్తంది?"

"నడుం నొప్పి పిన్నీ. బలానికి తింటన్నా."

"తినవే తిను. నువ్వు దంచే చప్పుడికి నా నడుం పోయేట్టుంది," అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

దాచింది మేనత్త నుంచే. ఆమె మా ఆయనకు అక్క, నాకు వదిన. మా ఆయన సిమెంటు బస్తాలు ఎత్తే పనికి పోయేవాడు. కామెర్లు ముదిరి మంచాన పడ్డాక అక్క చెయ్యి పట్టుకుని, "పిల్ల పెద్దదైతే నీ ఇంటికే" అన్నాడు. నేను ఆయన కాళ్ళ దగ్గరే నిలబడి ఉన్నాను. నన్ను ఎవరూ అడగలేదు. ఆ తర్వాత నాలుగు రోజులకే ఆయన పోయాడు. పోయినవాడి మాటను కాదనడం కష్టం.

వదిన కొడుకు దాచేపల్లి వైపు లారీ తోలతాడు. మా పిల్ల కంటే పదకొండేళ్ళు పెద్ద. చెడ్డవాడని అనను. కానీ పెళ్ళయితే బడి ఆగిపోతుంది. నా బడి రెండో తరగతిలోనే ఆగింది, ఆ ఆగడం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. మేమున్న ఇల్లు మా మామగారిది, వదినకూ అందులో మాట ఉంది. ఎదురు నిలబడి కాదనే దమ్ము లేక దాచాను. పిల్ల గుడ్డలు నా చీర చాటున ఆరేశాను. కడుపు నొప్పి అని ఏడ్చినా ఆ రోజుల్లో కూడా బడికి తోలాను.

ఆ బడిలో మధ్యాహ్నం వంట చేసేది మా వదినే.

ఒకరోజు పిల్ల కాగితం తెచ్చింది. డాక్టర్లు వస్తారట, తల్లి సంతకం కావాలట.

"ఏం చూస్తారే?"

"కళ్ళు, పళ్ళు, బరువు, రక్తం. అంతే."

మంచిదే అనుకుని సంతకం పెట్టాను. పైగా, "డాక్టరు దగ్గర అబద్ధం చెప్పబాక" అన్నాను. మా ఆయన తాగుడు సంగతి డాక్టరు దగ్గర దాచాడు, దాంతోనే పోయాడు. అందుకని ఆ మాట దానికి ఎప్పుడూ చెప్పేదాన్ని.

నర్సమ్మ ఆడపిల్లలను ఒక్కొక్కరినే పక్కకు పిలిచి, నెల నెలా వచ్చేది ఎప్పుడొచ్చిందని మెల్లగానే అడిగిందట. పిల్ల తేదీ చెప్పింది. ఆమె రాసుకుంది. మర్నాడు క్లాసు టీచరమ్మ, ఐరన్ మాత్రలు ఎవరెవరికి ఇవ్వాలో చూసుకోను వీలుగా ఉంటుందని ఆ కాగితాన్ని వంటగది గోడకు అంటించింది. జిగురు అయిపోయిందట. "రెండు మెతుకులియ్యమ్మా" అని వదిననే అడిగింది. వదిన తన చేత్తో మెతుకులు నలిపి ఇచ్చింది.

పేరు, ఎత్తు, బరువు, రక్తం, చివరి గడిలో తేదీ. ఇంకా కాని పిల్లలకు గీత. మగపిల్లలు పళ్ళేలు పట్టుకుని లైనులో నిలబడి ఒకరికొకరు చదివి వినిపించుకున్నారట. వదినకు చదవడం వచ్చు.

ఆ సాయంత్రమే కొత్త తాటాకు చాప చంకన పెట్టుకుని వచ్చింది.

"ఏమే, మా కోడలు పెద్దమనిషైందంటగా. గోడ చెప్పిందాకా మేనత్తకి తెలవగూడదా?"

"చెబుదామనే వదినా..."

"ఎప్పుడు? దానికి బిడ్డలు పుట్టినాకా?"

నవ్వుతూనే చాప పరిచింది. "దామ్మా, కూర్చో."

పిల్ల పుస్తకం పట్టుకుని నిలబడే ఉంది. "రేపు లెక్కల పరీక్ష అత్తా."

"మీ అమ్మ ఏడు నెల్లు లెక్కేసింది చాల్లే. కూర్చో."

తెల్లారి బడికి పోయి టీచరమ్మను ఆ కాగితం తీసెయ్యమని అడిగాను.

"ఎందుకమ్మా? ఈ కాలంలో కూడా ఇందులో సిగ్గేముంది?"

"సిగ్గు కాదు మేడం. పిల్ల చదువు." అంతా చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది. గోళ్ళతో గీకింది, నేనూ గీకాను. మెతుకు ఎండి సున్నానికి పట్టేసింది. సగం కాగితం గోడకే ఉండిపోయింది.

"పెళ్ళి మాటెత్తితే నాకు చెప్పు. పోలీసులకు నేను చెబుతాను."

"చెప్తే మేం ఎక్కడుండాల మేడం?"

ఆమె గోళ్ళలో ఇరుక్కున్న సున్నం దులుపుకుంది.

ఫంక్షను జరిగింది. పాస్టరుగారు ప్రార్థన చేశారు, వదిన చీర పెట్టింది. అందరూ ఉండగా నేను లేచి, "పదో తరగతి కానియ్యండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. వదిన చుట్టూ అందరినీ చూసింది.

"సరే, కానియ్యి. నేను మాట మీద ఉంటా. నువ్వూ ఉండు."

ఎంత పెద్ద మనసో అన్నారు జనం.

అప్పటి నుంచి పిల్ల పళ్ళెంలో గుడ్డు ముందు పడుతుంది. వదిన దారిలో కనబడితే, "పోయినేడు ముప్పై ఆరు కిలోలు, రక్తం తొమ్మిది. ఈసారి పెరగాల. తోటకూర పెట్టవే" అంటుంది. ఒక్క అంకె తప్పు పోదు. బేరం కుదిరిన గేదెను చూసిపోయినట్టు చూసిపోతుంది. నేను తలూపుతాను.

ఇప్పుడు పిల్ల పదో తరగతి. మొన్న మళ్ళీ డాక్టర్లు వచ్చారు. ఈసారి కోతలు మానుకుని నేను కూడా పోయి పక్కన నిలబడ్డాను. పిల్ల గట్టిగానే చెప్పింది, "గోడకు అంటించొద్దు మేడం."

"అంటించంలే. ఇప్పుడంతా ఫోన్లోనే," అంది టీచరమ్మ. నాకు గుండె నిమ్మళించింది.

నర్సమ్మ ఈసారి ఇంకో ప్రశ్న అడిగింది. "ఇంట్లో ఏమన్నా బాధ ఉందా అమ్మా?" పిల్ల నా వైపు చూసింది. డాక్టరు దగ్గర అబద్ధం వద్దని చెప్పింది నేనే కదా, తలూపాను. పరీక్షలు కాగానే పెళ్ళి చేస్తారని, తనకు ఇష్టం లేదని చెప్పింది, ఎవరికిచ్చి చేస్తారో కూడా చెప్పింది. నర్సమ్మ చివరి గడిలో అంతా రాసుకుని, "ఎవరికీ చెప్పం" అంది.

అందరివీ అయ్యాక టీచరమ్మ కాగితాలు బల్ల మీద పరిచి ఫోటోలు తీసింది. ఆఫీసు వాళ్ళు తొందర చేస్తున్నారట. బడి గ్రూపులో పెట్టేసింది. ఏ రోజు ఎంతమందికి వండాలో ఆ గ్రూపులోనే వస్తుందని, అందులో వంటవాళ్ళు కూడా ఉంటారని ఆమెకు గుర్తు రాలేదు. నాకైతే తెలియనే తెలియదు. వంటగదిలో వదిన ఫోను మోగింది. గరిటె పక్కన పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుంది.

మూడు రోజులైంది. మా ఇంటికి రాలేదు, ఒక్క మాట అనలేదు. పిల్ల పళ్ళెంలో ఇప్పుడు రెండు గుడ్లు పెడుతోంది. పిల్ల వాటిని ముట్టుకోవడం లేదు. టిఫిను డబ్బాలో తెచ్చి పొయ్యి గట్టు మీద పెడుతోంది. నేను కూడా ముట్టుకోలేదు.