సత్రం గుమ్మంలో పిలుపు

తాడేపల్లిగూడెంలో ఏలూరు బస్సు తప్పిపోయి, ఎండకు తాళలేక రోడ్డు పక్కనున్న ఒక పాత సత్రం అరుగు మీద కూర్చున్నాను. లోపల ఇప్పుడు ఆడవాళ్లకు కుట్టుపని నేర్పుతున్నారు. నగిషీ చెక్కిన టేకు స్తంభాలకు నీలం పెయింటు కొట్టి, దూలాలకు ట్యూబులైట్లు బిగించారు. చూసి నాకు ఒళ్లు మండింది. పాత కట్టడాన్ని కాపాడుకోవడం అంటే ఇదా అనుకున్నాను.

మధ్యాహ్నం మిషన్ల చప్పుడు ఆగింది. కుట్టు నేర్పే టీచరుగారు గుమ్మంలోకి వచ్చి, ఖాళీ రోడ్డు వైపు చూస్తూ, "భోజనానికి ఎవరైనా ఉన్నారాండీ?" అని మూడుసార్లు పిలిచారు.

ఎవరిని పిలుస్తున్నారని అడిగాను.

"సత్రం నడిచే రోజుల్లో వంటాయన ఇలా పిలిచాకే వంటిల్లు మూసేవారటండి. మేమూ మానలేదు. రోజుకొకరం ఓ మనిషికి సరిపడా ఎక్కువ తెస్తాం."

"ఎవరైనా వస్తారాండీ?"

"ఎప్పుడో గాని రారండి, మేమే పంచుకుంటాం. ఇవాళ మీరున్నారు కదండీ. రండి, కాళ్లు కడుక్కోండి."

నేను మజ్జిగన్నం కలుపుకుంటుండగా తర్వాతి ఏలూరు బస్సు కూడా వెళ్లిపోయింది. ఆ నీలం స్తంభానికే వీపు ఆనించుకుని, నిదానంగా తిన్నాను.