ఒక్క మాట పలకలేదని

కొత్తిమీర కట్ట విప్పగానే లేచే పచ్చి వాసన ఈనాటికీ నాకు కూరకన్నా ముందు నెత్తురును గుర్తుచేస్తుంది.

హనుమకొండలో మేం చదివిన ప్రైవేటు బడిలో గదికొకటి చొప్పున కరస్పాండెంటు ఫొటోలుండేవి, వాటికి దండం పెట్టాకే పుస్తకం తెరవాలి. సద్దుల బతుకమ్మ దగ్గరపడ్డ రోజులు. తంగేడు పుప్పొడి అంటిన వేళ్లతో, మలీద ముద్దలు కొరుక్కుంటూ గచ్చకాయలాడుతుంటే, నా స్నేహితురాలు షాహీన్ “సారు అస్తాండు” అంది. కరస్పాండెంటు అప్పటికే దాని వెనక నిలబడి ఉన్నాడు. ‘వస్తున్నారు’ అనమన్నాడు. భయానికి దాని నోట మళ్లీ మళ్లీ అదే మాట వచ్చింది, ప్రతిసారీ చెక్క స్కేలు మూతిమీద పడింది. ముందరి పన్ను విరిగింది. షాహీన్ మళ్లీ బడికి రాలేదు.

చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మా పెద్దబాపు అది విని, జొన్నరొట్టె పక్కన పెట్టి, కరీబియన్ సముద్రంలోని ఒక దీవిలో ఒక దేశాన్ని ముప్పై ఏళ్లు ఏలిన నియంత గురించి చెప్పాడు. రాజధానికి తన పేరే పెట్టుకున్నాడట. పొరుగుదేశపు కూలీలకు కొత్తిమీర లాంటి ఒక ఆకు చూపించి, దాని పేరు తమలా పలకలేనివాళ్లను సైనికులతో నరికించాడట.

వాడు చివరికి ఏమయ్యాడని అడిగాను.

“సముద్రం పక్క రోడ్డు మీద కారాపి, ఆని మనుషులే కాల్చి సంపిండ్రు బిడ్డా.”

పదకొండేళ్ల నాకు ఆ మాట బెల్లంకన్నా తియ్యగా ఉంది.

బడి వార్షికోత్సవంలో నచ్చిన నాయకుడి మీద ఇంగ్లీషులో మాట్లాడాలి. నేను మైకు పట్టుకుని, మా ఇంటి మాటలోనే ఆ నియంత కథంతా చెప్పి, ముందు వరుసలోని కరస్పాండెంటును చూపించాను.

“మా షాహీన్ పన్ను ఇరగ్గొట్టినాయన గాడనే కూసున్నడు.”

మైకు ఆపేశారు. మర్నాడే టీసీ చేతిలో పెట్టారు. అయితే తల్లిదండ్రులందరూ విన్నారు. మరుసటి ఏడు సగం బెంచీలు ఖాళీగా మిగిలాయి. ఆయన మొహం వాడిపోయిందని ఎవరైనా చెబితే రెండోసారి చెప్పించుకుని వినేదాన్ని.

ఇన్నేళ్లకు, పోయిన నెల, ఆ కరస్పాండెంటు నిండు వయసులో, మెత్తటి పరుపు మీద చనిపోయాడు. కాల్చేవాళ్లెవరూ రాలేదు. దండ లేకుండా వెళ్లి, పోయాడని కళ్లారా చూసి వచ్చాను. బడి ఉన్నచోట ఇప్పుడు బట్టల షాపుంది, షాహీన్ వాళ్ల గల్లీ రోడ్డు వెడల్పులో పోయింది. ఇప్పటికైనా క్షమించరాదా అన్నాడు మా ఆయన. అది షాహీన్ చెప్పాల్సిన మాట అన్నాను. షాహీన్ ఎక్కడుందో నాకు తెలియదు, వెతికి అడగాలన్న తొందరా లేదు.